యంత్రమునకు ముందు జట్టు

అమెరికా సంయుక్త రాష్ట్రముల ఉత్తరపు అంచున, కెనడా సరిహద్దు నానుకొనియున్న మిన్నెసోటా రాష్ట్రము ఐస్ హాకీకి పేరుమోసినది. చలికాలము వచ్చి సరస్సులు గడ్డకట్టగానే ఊరూర పిల్లలు స్కేట్లు కట్టుకొని మంచుమీదికి పోవుట అచ్చట తరతరములుగా వచ్చుచున్న అలవాటు. హైస్కూలు హాకీ పోటీలకు అచ్చట జరుగు సందడి మన పల్లెలలో తిరునాళ్ల సందడికి తీసిపోదు. అట్టి రాష్ట్రమున 2012వ సంవత్సరమున, బాలుర హాకీ జట్లకంటె రోబో పోటీలకు దిగు హైస్కూలు జట్లే ఎక్కువైనవని లెక్క తేలినది. అదే యేడు ఆ రాష్ట్రపు హైస్కూలు క్రీడల సమాఖ్య తక్కిన ఆటలతోపాటు రోబో పోటీకిని రాష్ట్రస్థాయి ఛాంపియన్‌షిప్పును నెలకొల్పినది. పాఠశాలలు తమ ఆటగాండ్రకు ఇచ్చు మన్ననను బోల్టులు బిగించు పిల్లలకును, ప్రోగ్రాములు వ్రాయు పిల్లలకును ఇచ్చుట కారంభించినవనగా, విద్యాచరిత్రమున అది చిన్న సంగతి కాదు. ఇట్టి జట్టును ఒక హైస్కూలులో క్రొత్తగా స్థాపింపదలచినవారికి ఏమి కావలయును, వారు దేనిని ముందు చేయవలెను, దేనిని చేయకుండుట మేలు అను విషయములను సామాన్య పాఠకులకు తెలియజెప్పుటయే ఇచ్చట నా ఉద్దేశము.

ఈ పోటీలకు మూలపురుషుడు డీన్ కేమెన్ అను అమెరికన్ ఆవిష్కర్త. రోగులు ఒంటికి తగిలించుకొని తిరుగదగిన ఔషధపు పంపును యౌవనముననే నిర్మించి, అటుపిమ్మట మెట్లెక్కగల చక్రాల కుర్చీని, సెగ్‌వే అను రెండు చక్రముల బండిని లోకమునకిచ్చిన యీతడు, తన దేశపు బాలబాలికలు సినిమా తారలను, బాస్కెట్‌బాల్ ఆటగాండ్రను ఆరాధించునంతగా శాస్త్రజ్ఞులను ఎందులకు ఆరాధింపరను ఆవేదనతో 1989లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రపు మాంచెస్టరు నగరమున ఫస్ట్ అను సంస్థను స్థాపించెను. అతనికి తోడ్పడినవాడు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యుడైన వుడీ ఫ్లవర్స్. యంత్రరచనను బోధించు తన తరగతిలో విద్యార్థుల కందరికి ఒకే విధమైన సామగ్రిని పంచిపెట్టి, దానితో తలకొక యంత్రమును చేయించి, తుదకు ఆ యంత్రములకు పోటీ పెట్టుట ఫ్లవర్సు అనుసరించిన పద్ధతి. ఆ తరగతిగది ఆటను హైస్కూలు పిల్లల చేతికి దించినదే ఫస్ట్ పోటీ. 1992లో మాంచెస్టరులోని ఒక హైస్కూలు వ్యాయామశాలలో 28 జట్లతో మొదటి పోటీ జరిగినది. నేడు ఆ హైస్కూలు పోటీ ఒక్కదానిలోనే మూడువేలకు పైబడిన జట్లు కలవు; కెనడా, మెక్సికో, టర్కీ, ఇజ్రాయెల్, ఆస్ట్రేలియా, బ్రెజిల్ మున్నగు దేశములనుండియు పిల్లలు వచ్చి పాల్గొనుచున్నారు.

ఆట తీరు ఇట్లుండును. ఏటేట జనవరి మొదటి దినములలో ఒక శనివారమునాడు ఆ యేటి ఆటయొక్క నియమములు లోకమంతటికి ఒకేసారి ప్రకటింపబడును. ఒక యేడు బంతులను ఎత్తైన గంపలలోనికి విసరవలెను; ఒక యేడు గొట్టములను కొక్కెములకు తగిలింపవలెను; ఇంకొక యేడు చివరి క్షణములలో ఇనుపకమ్మిని పట్టుకొని యంత్రము పైకి ప్రాకవలెను. నిరుటి యంత్రము ఈ యేటికి పనికిరాదు. ఇంచుమించు 54 అడుగుల పొడవు, 27 అడుగుల వెడల్పుగల క్రీడాస్థలమున మూడేసి జట్లు ఒక కూటమిగా ఏర్పడి మరి మూడు జట్ల కూటమితో తలపడును. ఒక్కొక్క రోబో బంపర్లను, బ్యాటరీని మినహాయించి 50 కిలోలకు పైబడి తూగవచ్చును. ఆట సాగునది రెండున్నర నిమిషముల పరిసరములలో మాత్రమే. అందులో మొదటి కొన్ని సెకన్లపాటు మానవహస్తము తగులకుండ, పిల్లలు ముందుగా వ్రాసియుంచిన ప్రోగ్రామును బట్టియే యంత్రము తనంతట తాను మెలగవలెను. తరువాత పారదర్శకమైన గోడ వెనుక నిలిచిన విద్యార్థులు జాయ్‌స్టిక్కులతో దానిని నడుపుదురు. పూర్వము యంత్రనిర్మాణమునకు ఆరు వారములే గడువు. గడువు తీరగానే రోబోను ప్లాస్టిక్ సంచిలో కట్టి ముద్ర వేయవలసియుండెడిది. 2020వ సంవత్సరమునుండి ఆ నియమము తొలగినను, ఫిబ్రవరి చివరనో మార్చి మొదటనో పోటీలు ఆరంభమగుచున్నవి గావున కాలము నేటికిని ఇరుకుగానే యున్నది.

ఇంత చదివినవారికి సహజముగా తోచునది, ఇట్టి జట్టును పెట్టుటకు ముందుగా యంత్రవిజ్ఞానము తెలిసిన పండితులను, ఖరీదైన పరికరములను, పెద్ద ధనమును సమకూర్చుకొనవలెనని. పెక్కు పాఠశాలలు ఈ తలంపుతోనే పని ఆరంభించుచున్నవి. పెక్కు జట్లు రెండు మూడేండ్లలో అంతరించిపోవుటకును కారణమిదియే. నా అభిప్రాయమున, రోబో జట్టును స్థాపించుట యంత్రమును నిర్మించుట కానేకాదు. అది ఒక చిన్న సంఘమును నిర్మించుట. సంఘము కుదురుగా నిలిచినచో యంత్రము ఈ యేడు కాకున్న వచ్చే యేడు బాగుపడును. సంఘము లేనిచో మొదటి యేటి యంత్రము ఎంత చక్కనిదైనను, దానిని నడిపిన ఇద్దరు ముగ్గురు తెలివైన పిల్లలు హైస్కూలు విడిచిపోయిన నాడే జట్టు ముగిసిపోవును.

కావున మొట్టమొదట వెదకవలసినది ఒక ఉపాధ్యాయుని. ఆతడు గణితము చెప్పువాడు కావచ్చును, భౌతికశాస్త్రము చెప్పువాడు కావచ్చును, చరిత్ర చెప్పువాడైనను బాధలేదు. బడి విడిచిన పిదప సాయంకాలము ఏడు ఎనిమిది గంటలవరకు తలుపు తెరచి ఉంచుటకును, ప్రధానోపాధ్యాయునితో మాటలాడి ఒప్పించుటకును, తల్లిదండ్రులకు జవాబు చెప్పుటకును సిద్ధపడినవాడైన చాలును. ఆతనికి తోడుగా మరియొక పెద్దవారుండవలెను. పిల్లల సంరక్షణ నిమిత్తము, పూర్వాపరములు విచారింపబడిన ఇద్దరు పెద్దలు ప్రతి జట్టుకును ఉండితీరవలెనని ఫస్ట్ సంస్థ నియమము. ఈ నియమమును కాగితముమీది లాంఛనముగా గాక, మనసారా పాటింపవలసిన ధర్మముగా నేను భావించుచున్నాను. తరువాత కావలసినది ఒక గది. అది విశాలమైనది కానక్కరలేదు గాని, సగము కట్టిన యంత్రమును బల్లమీద విప్పియుంచి తాళమువేసి ఇంటికి పోవుటకు వీలైనదై యుండవలెను. ప్రతి సాయంకాలము సామానంతయు సర్ది మరుసటి ప్రొద్దున మరియొక తరగతికి గదిని అప్పగింపవలసిన జట్టుకు పనిచేయు కాలములో సగము సర్దుటకే చెల్లిపోవును.

ఇక మెంటర్లు. ఊరిలోని కర్మాగారములలోను, సాఫ్ట్‌వేర్ కంపెనీలలోను పనిచేయు ఇంజనీర్లు సాయంకాలములందు వచ్చి పిల్లలకు నేర్పుదురు. వీరి లేమి ఎంత నష్టమో, వీరి అత్యుత్సాహము అంతకు మిక్కిలి నష్టము. ఒక బాలిక మొదటిసారి అల్యూమినియపు పలకకు రంధ్రము వేయబూనినదనుకొందము. గుర్తుపెట్టిన చోట డ్రిల్లు ముక్కు నిలువక జారి పలకమీద వంకరగీత గీయును, రెండవసారియు జారును. ప్రక్కన నిలిచిన ఇంజనీరుకు ఆ పని అర నిమిషములోనిది. డ్రిల్లు అందుకొని తానే వేసివేయవలెనని చేతులు దురద పెట్టును. మంచి మెంటరు అట్లు చేయడు. సెంటర్ పంచ్ తీసి, సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి చిన్న గుంట చేసి చూపి, పంచ్‌ను ఆమె చేతిలో పెట్టి దూరముగా జరుగును. రెండవ గుంట ఆమెయే కొట్టుకొనును. డ్రిల్లు ముక్కు ఆ గుంటలో కుదురుకొని తిన్నగా దిగినప్పుడు ఆ పిల్ల నేర్చినది రంధ్రము వేయుట మాత్రమే కాదు. లోహము తన మాట వినునను నమ్మకమును కూడ నేర్చినది. పెద్దలు కట్టిన సుందరమైన యంత్రముకంటె పిల్లలు కట్టిన వంకరయంత్రమే మేలైనదని నేను నిస్సంకోచముగా చెప్పగలను. మెంటరుల సేవకు గుర్తింపుగా ఫస్ట్ సంస్థ ఏటేట ఇచ్చు బహుమతికి వుడీ ఫ్లవర్స్ పేరే పెట్టియున్నారు; 2019లో ఆయన గతించిన పిదపను ఆ బహుమతి కొనసాగుచున్నది.

ధనము, విజ్ఞానము, వసతులు తక్కువైనను జట్టు ఎంతవరకు పోగలదో తెలిపెడి ఉదంతమొకటి అమెరికాలో సుప్రసిద్ధము. అరిజోనా రాష్ట్రపు ఫీనిక్స్ నగరమున కార్ల్ హేడెన్ అను ప్రభుత్వ హైస్కూలు కలదు. అది బీదల పేటలోనిది. విద్యార్థులలో అధికసంఖ్యాకులు మెక్సికోనుండి వలసవచ్చిన కుటుంబములవారు. ఫ్రెడీ లజ్‌వర్దీ, అలన్ కేమెరన్ అను ఇద్దరు ఉపాధ్యాయులు అచ్చట రోబో జట్టును నెలకొల్పిరి. 2004లో ఆ జట్టులోని నలుగురు బాలురు, కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా విశ్వవిద్యాలయమున జరిగిన జలాంతర్గత రోబోల పోటీకి పేరిచ్చిరి. ఈ పోటీని నడుపునది మేట్ అను సముద్ర సాంకేతిక విద్యాకేంద్రము. నీటమునిగిన వస్తువులను పరిశీలించుట, కొలతలు తీయుట, నీటి నమూనాలను పట్టుట మొదలైన పనులను రోబోచేత చేయింపవలెను. హైస్కూలు పిల్లలకు సులువైన విభాగము వేరుగా నుండగా, వీరు కళాశాలలు పోటీపడు పై విభాగమును కోరుకొనిరి. ఓడిపోవుట ఎట్లును తప్పదు గావున పెద్దవారి చేతిలో ఓడుటయే గౌరవమని వారి తలపు.

ఆ నలుగురు కట్టిన రోబో నీటి గొట్టములకు వాడు పీవీసీ పైపులతో చేసినది. దానికైన ఖర్చు ఇంచుమించు 800 డాలర్లు. పైపులు అతికించిన జిగురు ఘాటైన వాసన వేసినందున పిల్లలు దానికి కంపుదానవను అర్థము వచ్చునట్లు స్టింకీ అని ముద్దుపేరు పెట్టుకొనిరి. వారికి ఎదురునిలిచినది మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ జట్టు. దాని యంత్రమునకైన ఖర్చు పదివేల డాలర్లకు మించినది. పోటీకి ముందు పరీక్షించి చూడగా, ఫీనిక్స్ పిల్లల యంత్రములో విద్యుత్ పరికరములుంచిన పెట్టెలోనికి నీరు ఊరుచున్నట్లు బయటపడినది. పెట్టెను మార్చుటకు వ్యవధి లేదు. ఒక్క చుక్క తీగల కూడలిమీద పడినను అంతయు వ్యర్థమగును. నీటిని ఆపలేనప్పుడు దానిని పీల్చివేయుటయే ఉపాయమని తలపోసి, ఆ బాలురలో ఒకడు సిగ్గు విడిచి దుకాణమునకు పోయి, స్త్రీలు ఋతుకాలమున వాడెడి టాంపన్లను కొనితెచ్చి పెట్టెలోపల అమర్చెను. పెట్టె లోపలిభాగము పొడిగా నిలిచినది. రోబో తన పనిని తాను చేసినది. ఇంజనీర్లయిన న్యాయనిర్ణేతలు అడిగిన సాంకేతిక ప్రశ్నలకు పిల్లలు తడబడక జవాబు చెప్పిరి. ఫలితములు ప్రకటించునపుడు ఆ విభాగమున ప్రథమస్థానము కార్ల్ హేడెన్ హైస్కూలుకు, ద్వితీయస్థానము మసాచుసెట్స్ సంస్థకు దక్కినవి. ఈ గాథను 2005లో వైర్డ్ పత్రిక ప్రచురింపగా దేశమంతయు చదివినది. 2015లో స్పేర్ పార్ట్స్ అను పేర అది చలనచిత్రముగాను వచ్చినది.

ఆ విజయమును అదృష్టముగా తీసివేయుట తగదు. ఆ బాలుర వెనుక జట్టు ఉన్నది. ప్రతి సాయంకాలము గదితలుపు తెరచిన గురువులున్నారు. తెలియని సంగతులను ఇంజనీర్లకు, కంపెనీలకు ఫోనుచేసి అడుగుటకు వెనుకాడని అలవాటున్నది. బీదరికము వారికి నేర్పినది సరళత. గొట్టముతో అగు పనికి లోహపుచట్రమును వారు కోరలేదు.

ఇప్పుడు ఏ పోటీని ఎన్నుకొనవలెనను ప్రశ్న. ఫస్ట్ సంస్థయే హైస్కూలు విద్యార్థులకు రెండు పోటీలు నడుపుచున్నది. పైన వర్ణించిన పెద్ద పోటీకి ప్రవేశరుసుమే ఇంచుమించు 6,000 డాలర్లు; పనిముట్లు, సామగ్రి, ప్రయాణములు అన్నియు కలిసినచో ఒక యేటి వ్యయము దానికి రెండుమూడు రెట్లు కావచ్చును. రెండవది టెక్ ఛాలెంజ్ అను చిన్న పోటీ. దీని రోబో ఆట ఆరంభమున 18 అంగుళముల ఘనపు పెట్టెలో ఇమిడిపోవలెను. క్రీడాస్థలము 12 అడుగుల చదరము. జట్టులో 15 మందికి మించరాదు. సెప్టెంబరులోనే నియమములు వెలువడును గనుక తీరిక ఎక్కువ. ప్రవేశరుసుము వందల డాలర్లలోనే యుండును. వెక్స్ అను పేరుగల పోటీలును ఇంచుమించు ఈ కొలతలోనివే. మొదటిసారి జట్టు పెట్టువారు చిన్న పోటీతో ఆరంభించి, రెండేండ్లు గడచినపిదప పెద్దదానికి పోవుట మంచిదని నా సలహా. ఊరిలో అనుభవముగల పెద్ద జట్టు ఉండి చేయి అందించుటకు సిద్ధపడినచో మాత్రము తిన్నగా పెద్దదానిలోనికే దిగవచ్చును.

ధనమునుగూర్చి ఎక్కువ చెప్పను. అమెరికాలో నాసా సంస్థ క్రొత్త జట్లకు గ్రాంటు లిచ్చుచు వచ్చినది. మిషిగన్ వంటి రాష్ట్రములలో శాసనసభయే ఈ జట్లకు నిధులు కేటాయించినది, మిషిగన్‌లో తక్కిన అన్ని రాష్ట్రములకంటె ఎక్కువ జట్లు వెలసినవి. ఊరి వర్తకులను, కంపెనీలను అడుగునపుడు ఉత్తరము వ్రాయవలసినదియు, పోయి నిలిచి మాటలాడవలసినదియు పిల్లలే. పదునైదేండ్ల బాలుడొకడు ఇస్త్రీచొక్కా తొడుగుకొని కర్మాగారపు మేనేజరు ఎదుట కూర్చుండి, తన జట్టు ఏమి చేయబోవునో, వారిచ్చు సొమ్ము దేనికి వినియోగమగునో లెక్కతో చెప్పగలిగెనా, ఆ మేనేజరు డబ్బుతోపాటు తన ఇంజనీరునొకని గూడ పంపును. ఆ ఇంజనీరు డబ్బుకంటె విలువైనవాడు.

యంత్రము విషయమున క్రొత్త జట్టుకు చెప్పవలసినది ఒక్కటే: ఒక పనిని ఎన్నుకొని దానిని తప్పక చేయునట్టి రోబోను కట్టుడు. కెనడాలోని సెయింట్ కేథరిన్స్ పట్టణమునకు చెందిన సింబోటిక్స్ జట్టువారు ఈ పోటీలలో ఆరితేరినవారు. వారి వ్యూహోపన్యాసములలో తలమానికమైన సూత్రము, జట్టు తన శక్తికి లోబడి యంత్రమును కట్టవలెనన్నదే. అయిదు పనులను అరకొరగా చేయు యంత్రము మూడు పనులను నిండుగా చేయు యంత్రమునకు ఎన్నడును సాటిరాదు. తొలియేటి జట్టుకైతే ఆ మూడింటిని ఒకటిగా తగ్గించుకొనుటయే వివేకము. క్రొత్తవారికి చేయూత నిచ్చుటకై హ్యూస్టన్ ప్రాంతపు రోబోనాట్స్ అను జట్టు ఏటేట సామాన్యమైన పనిముట్లతో కట్టదగిన తేలిక రోబోను రూపొందించి, దాని కొలతలను అందరికి ఉచితముగా అందించుచున్నది. తమకు పోటీదారులైనవారికి తామే యంత్రరచన నేర్పు ఆచారము మరి యే ఆటలో కలదు? దానిని వాడుకొనుటకు క్రొత్త జట్లు సిగ్గుపడనక్కరలేదు. దానిని కట్టుచునే అది యెందుకట్లున్నదో తెలిసికొందురు.

తొలిసారి వచ్చిన జట్లు ఓడిపోవుటకు కారణము చాలవరకు వింతయైన యంత్రభాగముల లోపము కాదు, తీగల లోపము. ఈ రోబోలకు ప్రాణము 12 వోల్టుల సీసపు బ్యాటరీ. ఆరు కిలోల బరువుండును. దాని రెండు కొనలకు లావుపాటి తీగలను బోల్టులతో బిగింతురు. ఆ బోల్టు వ్రేలితో త్రిప్పినచో కదలునంత వదులుగా నున్నను, గదిలో నెమ్మదిగా నడుపునపుడు ఏ దోషమును కనబడదు. పోటీలో మాత్రము మోటార్లన్నియు ఒక్కసారి బలముగా లాగినపుడు వంద ఆంపియర్లకు మించిన విద్యుత్తు ఆ కీలుగుండ పోవలసియుండును. వదులు కీలు వేడెక్కును, వోల్టేజి పడిపోవును, అది ఒక హద్దునకు దిగజారగానే నియంత్రణపు పెట్టె తన్ను తాను కాపాడుకొనుటకై మోటార్లకు విద్యుత్తు నిలిపివేయును. యంత్రము నడిమైదానమున తడబడి ఆగిపోవును. గోడవెనుక పిల్లలు ప్రోగ్రాములో తప్పుకై వెదకుచుందురు. తప్పు బోల్టులో నుండును. కావుననే అనుభవజ్ఞులు ప్రతి తీగను బిగించినపిదప చేతపట్టి గట్టిగా లాగిచూతురు. ఊడివచ్చినచో ఇప్పుడే ఊడివచ్చుట మంచిదని వారి నమ్మకము. ఈ పనికి నిదానస్వభావముగల విద్యార్థి నొకనిని నియమించి, ప్రతి ఆటకు ముందు ఒక కాగితపు పట్టికను చూచుచు వరుసగా పరీక్షించు అధికారమును ఆతనికి ఇచ్చుట జట్టు చేయదగిన మంచిపనులలో ఒకటి. మరియొకటి, యంత్రమును పోటీకి చాల ముందే ముగించి మిగిలిన దినములను నడుపుటకు వినియోగించుట. సామాన్యమైన యంత్రము నిపుణుని చేతిలో గెలుచును; అద్భుతమైన యంత్రము మొన్ననే పట్టుకొన్నవాని చేతిలో గోడకు గ్రుద్దుకొనును.

పోటీ స్థలమున మొదటిసారి అడుగిడినవారికి ఆశ్చర్యము గొలుపునది పిట్లు అను చోటు. జట్టుకు పదడుగుల చదరపు కొట్టు. అందరి కన్నులకు రక్షణ కళ్లజోళ్లు. ముందు తనిఖీదారులు యంత్రమును తూచి, కొలిచి, పదునైన అంచులున్నవేమో తడవి చూతురు. అప్పుడప్పుడు మైకులో ఫలానా జట్టుకు ఫలానా మోటారు కావలెనని కేక వినబడును. నిమిషములలో మూడు నాలుగు జట్లు తమ పెట్టెలు తెరచి పరుగెత్తుకొని వచ్చును. ఇచ్చినవారే మధ్యాహ్నము ఆ జట్టుతో తలపడవలసియుండవచ్చును. ప్రత్యర్థిని గౌరవించుచునే శక్తివంచన లేక పోరాడవలెనను ఈ ధర్మమును వుడీ ఫ్లవర్స్ ప్రతి సభలోను బోధించినాడు. పిల్లలు దానిని ఉపన్యాసములవలన గాక, అరువిచ్చిన మోటారువలన నేర్చుకొనుచున్నారు. తొలి ఆటలు ముగిసినపిదప ముందువరుసలో నిలిచిన ఎనిమిది జట్లు తుదిపోటీలకు తమ భాగస్వాములను తామే ఎన్నుకొనును. దానికై ప్రతి జట్టును ప్రేక్షకుల వరుసలలో కొందరు పిల్లలను కూర్చుండబెట్టి, ప్రతి ఆటలో ప్రతి యంత్రము చేసినదానిని లెక్కలు వ్రాయించును. ఆ లెక్కలలో ఒక్కమారైనను ఆగిపోని చిన్న యంత్రము కన్నులబడును. సామాన్యపు రోబోతో వచ్చిన క్రొత్త జట్టు బలిష్ఠుల కూటమిలో చేరుటకు ద్వారమిదియే.

ఈ సంస్థ ఇచ్చు బహుమతులలో అత్యున్నతమైనది పోటీలో గెలిచిన యంత్రమునకు గాక, తన ఊరిలో విజ్ఞానమును వ్యాపింపజేసిన జట్టుకు ఇచ్చునది. చిన్నతరగతుల పిల్లలకు నేర్పుట, ఇతర పాఠశాలలలో జట్లను పెట్టించుట, గ్రంథాలయములలో యంత్రమును ప్రదర్శించుట మున్నగునవి ఇందులో లెక్కకు వచ్చును. ఇది కేవలము పరోపకారమని తలపరాదు. హైస్కూలు జట్టులో విద్యార్థి నాలుగేండ్లకంటె ఎక్కువ నిలువడు. ప్రతి వేసవిని అనుభవజ్ఞులు కొందరు వెడలిపోవుదురు. తొమ్మిదవ తరగతి బిడ్డచేత మొదటి దినముననే స్పానరు పట్టించి, పన్నెండవ తరగతివాడు చేయు ప్రతి పనియందును చిన్నవానినొకని ప్రక్కన నిలిపి, చేసినదంతయు నోటుపుస్తకమున బొమ్మలతో వ్రాయించు జట్టులే నిలిచినవి.

బాలికల విషయమున జట్టు మొదటి వారమునుండియే జాగరూకతతో మెలగవలెను. ఎవరును వలదనకున్నను బాలికలు పోస్టరులు వ్రాయుటకును, బాలురు డ్రిల్లు పట్టుటకును చేరిపోవుట తరచుగా జరుగుచుండును. దానిని సహజమని ఊరకున్నచో ఏడాది చివరకు అదియే నియమమగును. 2017లో వాషింగ్టన్ నగరమున జరిగిన ఫస్ట్ గ్లోబల్ పోటీకి ఆఫ్ఘనిస్థానములోని హెరాత్ నగరమునుండి ఆరుగురు బాలికలు రాగోరగా వారికి అమెరికా వీసాను రెండుమారులు నిరాకరించిరి. లోకమంతయు ఎలుగెత్తిన పిదప తుదిక్షణమున అనుమతి లభించినది. వారు వచ్చి, తాము కట్టిన యంత్రమును నడిపి, ధైర్యమునకు గుర్తుగా రజతపతకమును గైకొని వెడలిరి. ఇన్ని అడ్డంకులు దాటి బాలికలు రెంచి పట్టినపుడు, ఏ అడ్డంకియులేని చోట వారిని పోస్టరులకు పరిమితము చేయుట అన్యాయము.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలు టెక్సాస్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా మున్నగు రాష్ట్రములలో ఇట్టి జట్లలో ఉత్సాహముతో పాల్గొనుచున్నారు. వారి తలిదండ్రులలో ఇంజనీర్లు ఎందరో కలరు. ఆ తలిదండ్రులకు నేను విన్నవించునది: బిడ్డకు మంచి కళాశాలలో సీటు వచ్చుటకు ఇదియొక మెట్టని మాత్రమే తలచి కారులో దించి పోవలదు, వారమునకు రెండు సాయంకాలములు మీరును లోపలికి పోయి నిలువుడు, మీ బిడ్డకంటె ప్రక్కబిడ్డకు ఎక్కువ నేర్పుడు. మన దేశమున 2016నుండి నీతి ఆయోగ్ ఆధ్వర్యమున అటల్ టింకరింగ్ లాబులు ఏర్పడుచున్నవి. ఒక్కొక్క పాఠశాలకు 20 లక్షల రూపాయలవరకు గ్రాంటు ఇచ్చి, త్రీడీ ప్రింటర్లు, మోటార్లు, సెన్సార్లు సమకూర్చి, పదివేలకు పైబడిన బడులలో వీటిని నెలకొల్పిరి. ప్రపంచ రోబోట్ ఒలింపియాడ్ పోటీ 2016లో మన దేశముననే జరిగినది. అనగా గదియు, పనిముట్లును, పోటీయు తెలుగుబిడ్డలకును అందుబాటులోనికి వచ్చియున్నవి, వలసినది జట్టు.

మీ పిల్లలు చదువు బడిలో అట్టి లాబు ఉన్నదో లేదో కనుగొనుడు. ఉన్నచో బడి విడిచిన పిదప అది వారమునకు ఎన్ని దినములు తెరచియుండునో ప్రధానోపాధ్యాయుని అడుగుడు. తాళము తీసియుంచు ఉపాధ్యాయుడు ఒకరును, తోడు నిలుచు పెద్దవారు ఒకరును, పేరిచ్చు పిల్లలు పదిమందియు దొరికిననాడు జట్టు ఏర్పడినట్లే. వేసవి సెలవులు ముగియకముందే మొదటి సమావేశము పెట్టుడు.